అర్దళము పూయని చోట

ఫాల్గుణమాసము ముగియవచ్చెను. పూత రాలి పిందె కట్టిన మామిడితోటల మీదుగా వచ్చు పడమటిగాలి సామర్లకోట రైలుస్టేషను చెంత వెలసిన నాటకసమాజపు తడికలపందిరిని తట్టి లేపి లోన వ్రేలాడు చిత్రవర్ణయవనికలను కడుపార భుజించి పరుండిన గృహస్థుని పొట్టవలె ఉబ్బించుచు దించుచు వినోదించుచుండెను. అపరాహ్ణసూర్యకిరణములు తడికల సందులనుండి లోనికి దూరి అట్టకిరీటముల మీది కాకిబంగారమును అసలు బంగారముకంటె మిన్నగా మెరయించుచుండెను. ఉన్నదానిని కప్పి లేనిదానిని చూపుటయే ఆ పందిరి క్రింద నివసించువారి కులవిద్య.

ఆ సమాజమునందు తాతలనాటి ఆచార మొకటి కలదు. భర్తృముఖమునకు రంగు వేయు అధికారము భార్యదే. పగలెల్ల కలహించుకొన్న దంపతులైనను వేషమువేళకు ఎదురెదురుగా కూర్చుండవలసినదే. ఆమె యాతని చెక్కిళ్లకు పసుపువన్నె అర్దళమును నూరి పూయవలసినదే. కావున రాజవేషధారియగు జోగారావు దేహమునందలి ప్రతి పుట్టుమచ్చయు ఆతని యిల్లాలును ఆ సమాజమునకు నాయికయునగు పేరిందేవికి కంఠోపాఠము. ఆమె అప్పటికి అయిదవ నెల గర్భవతి.

నాటి సాయంకాలము పారాణి పెట్టుటకై భర్త అరచేతిని వెలుగునకు త్రిప్పిన పేరిందేవి చేయి అట్లే నిలిచిపోయెను. అరచేతినిండ రాగివన్నె మచ్చలు!

"దురదెడతన్నాయా?" అని యామె యడిగెను.

"లేదే! నొప్పీ లేదు, దురదా లేదు. అర్దళం పడలేదన్నాడు మావయ్య. కొబ్బరినూనె రాసుకోమన్నాడు."

ఆ సమాజమున నెవ్వరి చర్మమునకు ఏమి సోకినను నేరము అర్దళముమీద మోపుట పరిపాటి. జోగారావు తలవెండ్రుకలు కొంతకాలముగా చిమ్మట కొట్టిన శాలువవలె అచ్చటచ్చట ఊడుచుండగా పెట్టుడుజుట్టు టోపా దానిని కప్పెను. మెడప్రక్కల కట్టిన బిళ్లలను పూసలహారములు కప్పెను. బొంగురుపోయిన కంఠమునకు తారస్థాయి పద్యములు కారణములయ్యెను. రోగము ముమ్మారు తలుపు తట్టగా ముమ్మారును ఆ వెర్రివారు వేషము తొడిగి పంపిరి!

పేరిందేవి మాత్రము వేరొకటి తలపోసెను. అర్దళము ముఖమునకు పూయుదురు. అరికాళ్లకు పూయు నటుడెవ్వడు? ఆమె భర్త పాదమును ఒడిలోనికి లాగి చూచెను. అచ్చటను అవే మచ్చలు. తన అక్క మగనికి అట్టి మచ్చలే కనబడిన యేడు ఆ అక్క ప్రసవించిన శిశువును ఆమె తన చేతులతో నెత్తుకొనియుండెను. అరికాళ్ల చర్మము పొరలుపొరలుగా ఊడుచు ఏడ్చుటకైనను ఓపిక లేని ఆ పసికందు తెల్లవారకమున్నే కన్నుమూసెను. అది తండ్రినుండి తల్లికి, తల్లినుండి బిడ్డకు సోకిన సవాయిరోగమని అప్పటి వైద్యురాలు చెప్పిన మాట ఆమె చెవిని నేటికిని వీడలేదు.

"నిజం చెప్పండి. ఈ మధ్యన మీకు మరుగుచోట పుండేదన్నా లేచిందా?"

జోగారావు తల వంచెను. "కార్తీకంలో. ఒక్కటే. నొప్పి కూడా లేదు. నడికట్టు ఒరిపిడనుకున్నాను. దానంతటదే మానిపోయిందిలే."

"మానింది పుండు. రోగం కాదు. నడికట్టు ఒరిపిడట! ఏ గడప తొక్కారో ఆ సంగతి నిదానంగా తేలుస్తాను, తేల్చకుండా మాత్రం వొదల్ను. ముందు రేపు పొద్దున్నే కాకినాడ పెద్దాసుపత్రికి పోతన్నాం. ఇద్దరం. నా కడుపులో ఉన్నది నాకు బతికి కావాలి."

ఆమెకు దుఃఖము రాలేదు. ఒడలెల్ల మండునంతటి కోపము వచ్చెను. ఆ కోపమే ఆమెకు ఆనాడు తోడయ్యెను.

వార్త విని సమాజాధిపతియు జోగారావు మేనమామయునగు పట్టాభిరామయ్య హుటాహుటి వచ్చెను. వేషము విప్పినను భాష విప్పుట యెరుగని మహానుభావుడాతడు. ఆతని వెనుక తడికచాటున ఆతని భార్య సుందరమ్మ నిలిచెను. నలుగురు బిడ్డలను కని నలుగురను పురిటిలోనే మన్నుచేసిన ఆ యిల్లాలిని సీమంతములకు పిలుచువారు లేరు. పిలువలేదని ఆమె అడిగినదియు లేదు.

"సాధ్వీ! ఏమి యీ సాహసము? పట్టపగలు నీ వా వైద్యశాలకు నడచితివేని మన నటకుటుంబముల కెల్ల తీరని కళంకము వాటిల్లదా? నే నెరిగిన వైద్యుడు ఈ రోగమునకు గుప్తముగా పాదరసపు రసగుళిక లొసగును. అర్దళము వికటించెనని లోకమునకు చెప్పుదము."

"మావయ్యా, నాటకాలాడేవాళ్లమని ఊరూరా మనల్ని అనని మాటేవుంది? అనని రోజేవుంది? ఆ మాటలకి బిడ్డలు చావరు. దీనికి చస్తారు."

"రేపటి ప్రదర్శనమున నాయిక యెవ్వరు?"

"మీ ఇష్టం. కావాలంటే మీరే కట్టండి."

తడికచాటున సుందరమ్మ ముఖమున నవ్వో ఏడుపో తెలియని చలన మొకటి కలిగి మాయమయ్యెను.

మరునాడు సూర్యుడు బారెడెక్కిన పిమ్మట ఆ దంపతులు కాకినాడ బండి దిగిరి. వైద్యశాల వరండాలో బారులు తీరియున్న జనులు తాము పలుమారు చప్పట్లు కొట్టిన రాజును గుర్తించి ఒకరి చెవి నొకరు కొరుకనారంభించిరి. జోగారావు ఉత్తరీయమును ముఖమునకు చుట్టుకొనబోయెను. పేరిందేవి దానిని లాగి తన భుజమున వేసికొని ఆ మూకవంక తిరిగి, "ఆయన జోగారావుగారే. నేను పేరిందేవిని. జబ్బు చేస్తే ఆసుపత్రికి వచ్చాం. మీరెందుకొచ్చారో మేం అడిగామా?" అనెను. ఒక ముసలమ్మ ప్రక్కకు జరిగి ఆమెకు బల్లమీద చోటిచ్చెను.

డాక్టరు కృపావతి వారిరువురను పరీక్షించి నెత్తురు తీయించి ఫలితము వచ్చినంతనే దాపరికము లేక చెప్పెను. "ఇది సవాయే, మేం సిఫిలిస్ అంటాం. మొదటి పుండు నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది. అక్కడే అందరూ మోసపోతారు. ఆ తరవాత ఇలా మచ్చలు వస్తాయి, అవీ పోతాయి. రోగం మాత్రం లోపలే ఉంటుంది. అమ్మా, నీ ఒంటిమీద ఒక్క మచ్చా లేదు, కాని నీ రక్తంలోనూ ఉంది." పేరిందేవి చేయి అప్రయత్నముగా కడుపుమీదికి పోయెను. వైద్యురాలు అది చూచెను. "భయపడకు. వేళ మించకముందే వచ్చావు. పెనిసిలిన్ సూదులతో నీకూ తగ్గుతుంది, బిడ్డకీ రక్షణ. ఇద్దరూ వేయించుకోవాలి, మధ్యలో మానకూడదు. నేను చెప్పేదాకా దూరంగా ఉండాలి. ఆ రెండో మనిషెవరో ఆవిణ్నీ తీసుకురండి. తిట్టడానికి కాదు, వైద్యానికి."

ఆ కడపటి మాట పేరిందేవికి మింగుడుపడలేదు. దారిపొడుగున ఆమె జోగారావును నిలదీసి ఆతడు తొక్కిన గడప యే స్త్రీదో రాబట్టెను. అయినను ఆ స్త్రీకి కబురంపినది ఆమెయే. ఆ స్త్రీ బెదరుచు వచ్చినప్పుడు వరండాలో తన ప్రక్క కూర్చుండబెట్టుకొన్నదియు ఆమెయే.

సూదులు ముగిసి మచ్చలు మాసిన పిదప పట్టాభిరామయ్య సమాజమునెల్ల సమావేశపరచి అర్దళమువలన కలిగిన వికారము శమించినదని ప్రకటింప నారంభించెను. పేరిందేవి లేచి నిలిచెను.

"అర్దళం కాదు. సవాయి. ఆడవాళ్లందరూ వినండి, మగవాళ్లు మరీ వినండి. మరుగుచోట నొప్పిలేని పుండు లేస్తే మానేదాకా ఆగొద్దు. అరచేతుల్లో, అరికాళ్లలో దురదలేని మచ్చలొస్తే నూనె రాసుకు కూచోవద్దు. ఆసుపత్రికి పొండి. నేను పోయాను. నన్నేమన్నా అనుకోండి, నాకు లెక్కలేదు."

అప్పుడు ఎన్నడును నలుగురిలో నోరెత్తి యెరుగని సుందరమ్మ ముందునకు వచ్చి భర్త యెదుట నిలిచెను.

"మన పెళ్లైన కొత్తలో మీ అరచేతులూ ఇలాగే ఉండేవి. అర్దళం పడలేదన్నారు. ఆ రసగుళికల వైద్యుడు మీకెలా తెలుసండీ?"

వేయి పద్యములు నోటికి వచ్చిన పట్టాభిరామయ్య ముఖము త్రిప్పుకొనెను. ఆ త్రిప్పుకొనుటయే ఆమెకు సమాధానమయ్యెను. ఇరువదియేండ్లు బిడ్డలు దక్కని మృతవత్స యని లోకులు పిలువగా తన కడుపునే తిట్టుకొనిన ఆ తల్లి పేరిందేవి చేయి పట్టుకొని, "రేపు నన్నూ తీసుకెళ్లు" అనెను. మరునాటి బండిలో ఆమెతోపాటు మరికొందరు స్త్రీలు నెక్కిరి. వారిలో ఒక్కతెయు ముసుగు వేసికొనలేదు.

శ్రావణమున జడివాన కురియుచుండగా పేరిందేవి ప్రసవించెను. శిశువు పుట్టినతోడనే వైద్యశాల గోడలు ప్రతిధ్వనించునట్లు ఏడ్చెను. సుందరమ్మ ఆ బిడ్డను పొత్తిళ్లలో నెత్తుకొని బయటకు వచ్చెను. వరండాచివర పట్టాభిరామయ్య తలవంచుకొని నిలిచియుండెను. ఆమె నేరుగా ఆతని చెంతకు పోయి ఏడ్చుచున్న బిడ్డను ఆతని చెవిదగ్గరకు చేర్చెను.

"వినండి. బాగా వినండి. నా పిల్లల్లో ఒక్కళ్లూ ఇలా ఏడవలేదు. మీరు సిగ్గు చంపుకుని ఒక్క మాట చెప్పుంటే నలుగురూ ఏడ్చేవాళ్లు."

అని యామె సమాధానమునకై నిలువక బిడ్డను గుండెలకు హత్తుకొని తల్లియొద్దకు మరలిపోయెను.