సముద్రం దూరని సీపీయూ

మా అక్క కొడుకు ప్రసాద్‌కు కంప్యూటర్ల గురించి తెలియనిది లేదు. అంతా ఫోనులో చూసి నేర్చినాడు. తన చెల్లెలు సుభాషిణికి కంప్యూటర్ మిషన్ కట్టిచ్చినప్పుడు సీపీయూ డబ్బాకి ఒక పక్కంతా అద్దం ఉండే రకం తెప్పించినాడు. లోపల ఫ్యాన్లు ఎర్రగా, పచ్చగా, నీలంగా వెలుగుతా తిరుగుతాయి. దాన్ని సముద్రం వైపు కిటికీ కింద పెట్టినాడు. మైపాడు పక్క మా ఊళ్ళో ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలే రెండేళ్ళు నిలవవు. ఆ సంగతి ఫోనులో చెప్పుండరు.

ఆరు నెలలకు స్క్రూలు తుప్పుపట్టినాయి. ఏడో నెల ఆన్ చేసే బటన్ లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు. ఎనిమిదో నెలలో ఒక శుక్రవారం మా అక్క కామాక్షమ్మ ఎండుచేపల బుట్ట దించుతా మోచేత్తో తోసింది. డబ్బా కిందపడి మూల వంగింది, అద్దం పొడి అయింది.

"అద్దమనేది మొహం చూసుకునేదానికి గదరా! దీంట్లో ఏం చూసుకుంటారని పెట్టినారు?" అని అక్క ఎదురు అడిగింది. ప్రసాద్ ఫోను తీసి వెతకతా కూర్చున్నాడు.

నవ్వుకునే సమయం కాదది. సోమవారం తొమ్మిది గంటలకు సుభాషిణికి ఉద్యోగం పరీక్ష. చెన్నైలో కార్టూన్ బొమ్మలు చేసే కంపెనీ. ఇంట్లోనే కూర్చుని, వాళ్ళు కెమెరాలో చూస్తా ఉంటే, నాలుగు గంటల్లో ఒక బొమ్మను నడిపించి చూపించాల. మధ్యలో మిషన్ ఆగితే ఇంటికి పొమ్మంటారు, ఉండేది ఇంట్లోనే అయినా. అది పోతే మంగళవారం రొయ్యల షెడ్డులో మళ్ళీ చేరాల. మేస్త్రి అంతవరకే చోటు ఆపినాడు. రెండేళ్ళు ఐసులో రొయ్యల తలకాయలు తీసి ఆ పిల్ల వేళ్ళు ఎట్లుండాయో నేను చూసినా.

లోపలి సామానుకు ఏమీ కాలేదు. దానికి ఇల్లు లేదు, అంతే. కొత్త డబ్బా రావాలంటే వారం.

"వారమెంతలే. డబ్బా పగిలిందని వాళ్ళకు మెయిలు పెట్టు" అన్నాడు ప్రసాద్.

"నువ్వే పెట్టన్నా. పగలగొట్టేటట్టు కొన్నది మా అన్నే అని గూడా రాయి" అనింది సుభాషిణి. నా వైపు తిరిగి, "మామా, నువ్వేమన్నా చెయ్యగలవా?"

నేను పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. "ఊ" అన్నా. నాకెవరూ దీన్ని నేర్పలేదు గాబట్టి ధైర్యంగానే అన్నా.

ఇందుకూరుపేటలో రొయ్యల మేత అమ్మే జయరామయ్య గారి కొట్టులో ఇరవై ఏళ్ళనాటి సీపీయూ ఉండాది. తెల్లగా కొన్నది గంజి రంగుకు తిరిగింది. అది పనిచేసి పదేళ్ళు దాటింది. ఇంకా శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమ పెట్టి ఊదొత్తి వెలిగిస్తాడు. ఆ డబ్బా ఇమ్మని అడగంగానే ఆయన మొహం పిల్లనివ్వమని అడిగినట్టయింది.

"ఇస్తాను మునెయ్యా. మీ పిల్ల చదువుకున్న పిల్ల. కానీ కొయ్యబాకండి."

"కొయ్యం సార్" అన్నాడు ప్రసాద్. నేనేమీ అనలేదు.

చచ్చిన సామాను మట్టుకు ఊడదీసి ఇమ్మన్నాడు. అట్టపెట్టెలో పోసి ఇచ్చినాం. అప్పటినుంచి కుంకుమ అట్టపెట్టెకు పెడతాండాడు.

శనివారం పని పట్టినా. ఆ డబ్బా ఇనుమంటే ఇనుమే, తడితే పడవ లంగరు మాదిరి పలికింది. ఇరవై ఏళ్ళనాటి చిల్లుల్లో ఈనాటి మదర్‌బోర్డు సరిగ్గా కూర్చుంది. మనుషుల్లో అంతకాలం మాట మీద నిలబడినోళ్ళని నేను చూళ్ళేదు. బొమ్మలు నడిపే కార్డు ఒకటుంది, అది మాత్రం జానెడు పైనే పొడవు. ముందుపక్క డిస్కులు పెట్టే ఇనుప గూటికి తగిలి ఆగిపోయింది.

"కొంచెం వంచుదామా మామా?" అన్నాడు ప్రసాద్.

సుభాషిణి ఆ కార్డును తీసి తన ఒళ్ళో పెట్టుకునింది. సామానంతా బయటికి తీయించి, గ్రైండరుతో ఆ గూడు కోసేసినా. కొయ్యం అని మాటిచ్చింది నేను కాదు.

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నా చదువు నన్ను పట్టింది. పడవలో సందు కనపడితే పూడ్చాల, మాకు తెలిసిన చదువంతా అదే. పాత సీడీ నోరు, ఫ్లాపీ నోరు, వెనక సందులు, పక్కన చిల్లులు, దేన్నీ వదల్లేదు. ఫైబరు పడవకు వేసే గుడ్డ వేసి, రెసిన్ పూసి, మూత చుట్టూ ఇంజను గాస్కెట్ పేస్టు పట్టించినా. ఉప్పుగాలి కాదు గదా, చీమ దూరదు. రేవులో నుంచి వొచ్చినోళ్ళు చుట్టూ తిరిగి చూసి, నీళ్ళలో దించినా తేలతాదన్నారు. "అదిరింది మామా" అని ప్రసాద్ వీడియో తీసినాడు. అప్పుడన్నా నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం పొద్దున ఆన్ చేసినాం. పదకొండు నిమిషాలు నడిచి ఆగింది. మళ్ళీ చేస్తే తొమ్మిది. మూడోసారి అయిదు.

"వైరస్" అన్నాడు ప్రసాద్. కాసేపు ఆగి, "లో వోల్టేజి." ఇంకాసేపటికి, "ఫార్మాట్ కొడదాం."

అక్క వొచ్చి డబ్బా మీద చెయ్యిపెట్టి, చురుక్కుమని తీసింది. "ఒరే మునెయ్యా, దీనికి గాలి యాడినుంచి పోతాదిరా? మనిషిని గోతంలో పెట్టి కుట్టినట్టుండావు గదరా!"

ముప్పై ఏళ్ళుగా ఆగిపోయిన ప్రతి ఇంజనుకూ నేను మొదట చూసేది గాలి అందతాందా లేదా అని. అది మరిచినోణ్ణి కుర్రోడైతే రేవులోనే తిట్టేవాణ్ణి. నన్ను తిట్టేదానికి మా అక్క ఉంది, తిట్టింది.

సుభాషిణి లేచి గోడ మేకుకున్న రబ్బరు చేతితొడుగులు తీసి, దులిపి, షెడ్డుకు పట్టుకపోయే సంచిలో పెట్టుకునింది.

గ్రైండరు తీసినా. మళ్ళీ సామానంతా బయటికి. ముందువైపు రెండు, పైన ఒకటి, పళ్ళెమంత బొక్కలు కోసినా. పగిలిన డబ్బాలోని రంగుల ఫ్యాన్లే వాటికి బిగించినా. ముందు రెండూ లోపలికి లాగేటట్టు, పైది బయటికి తోసేటట్టు. దుమ్ము ఆపేదానికి హేచరీలో రొయ్యపిల్లల్ని వడకట్టే సన్నవల కత్తిరించి అడ్డం కట్టినా. కోసిన అంచులకు పడవ రంగు కొట్టినా. ఉప్పును ఏ వలా ఆపదు, నెలకోసారి విప్పి తుడవాల. ప్రసాద్‌కు గూడా పని చెప్పినా, స్క్రూలన్నీ నోట్లో పెట్టుకుని నిలబడమని. రెండు గంటలు ఎవరికీ సలహా లేకుండా పని సాగింది.

మధ్యాన్నం రెండుకు ఆన్ చేస్తే దీపాలు పెట్టే వేళకు గూడా నడస్తానే ఉంది. డబ్బా గోరువెచ్చగా ఉంది. జయరామయ్య గారి గంజిరంగు సీపీయూ ఎరుపూ పచ్చా నీలమూ వెలగతా గుడి గోపురం మాదిరి ఉంది.

సోమవారం తొమ్మిదికి సుభాషిణి తలుపేసుకునింది. కెమెరాలో వేరే మనిషి కనపడకూడదంట. మేము ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. గంటకోసారి ప్రసాద్ "హీటెక్కుంటాది" అనేవాడు, అక్క వాడి నెత్తిన మొట్టేది. నేను చెవి తలుపుకేసి ఫ్యాన్ల సౌండు విన్నా. ఇంజను బాగున్నప్పుడు వినపడే సౌండు నాకు తెలుసు.

ఒంటిగంటకు తలుపు తెరిచింది. "అయిపోయింది మామా. పంపించేసినా" అనింది. మాకు చెప్పి లోపలికి పోయి, సంచిలోని తొడుగులు తీసి మేకుకు తగిలించింది. మంగళవారం మేస్త్రి ఫోను చేస్తే, వేరేవాళ్ళని చూసుకోమని తనే చెప్పింది. అప్పటికింకా కంపెనీ జవాబు రాలేదు.

గురువారం వొచ్చింది. ఉద్యోగం ఇచ్చినారు. దాంతోపాటే రూలు గూడా చెప్పినారు. ఇంట్లో సొంత మిషన్ల మీద కంపెనీ పని చెయ్యకూడదంట, వాళ్ళే లాప్‌టాప్ పంపతారంట.

"అయితే సీపీయూ నేను గేములకు తీసుకుంటా. ఎట్లా కట్టింది మనమే గదా మామా" అన్నాడు ప్రసాద్.

పదిరోజులకు ఆ లాప్‌టాప్ వొచ్చింది. దోసె కంటే రవ్వంత మందం. నేను చేతిలోకి తీసుకుని తిప్పి చూసినా. అడుగున సన్నసన్న సందులు, పక్కన రెండు చిల్లులు. వేలితో తడిమినానో లేదో, సుభాషిణి వొచ్చి మెల్లిగా నా చేతిలోంచి తీసుకునింది.

"మామా, నీ కాళ్ళకు మొక్కతా. దీన్ని మాత్రం ముట్టుకోబాక."

"ఊ" అన్నా.