కడుపులో దొరకని ముద్ద

ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం నారాయణమ్మ ఆస్పత్రిలో కొడుకు మంచం పక్కనే నిలబడి కోడలికి చెప్పేసింది.

“రేపు కడుపు కోస్తారు. నువ్వు పెట్టిన మందుముద్ద బయటికొస్తాది. వచ్చిందంటే ఇటునుంచిటే మీ కన్నోరింటికి నౌపడ రైలెక్కీ. మా గుమ్మం తొక్కితే కాళ్ళిరగ్గొడతాను.”

తాయారు మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టింది. “రాపోతే?”

“రాపోడం ఏటి! రోజూ కదల్తన్నాది, నీ కళ్ళకి అవుపడ్నేదా?”

కదలడం నిజమే. సాలూరులో లారీల బుకింగ్ ఆఫీసు గుమాస్తా జగన్నాధానికి ఏడాదిగా తిన్నది ఒంటపట్టడం లేదు. వెల్లకిలా పడుకుంటే ఎడమ పక్కటెముకల కింద గుండ్రటి ఉబ్బు ఒకటి లేచి, మెల్లగా కుడివైపు నడిచి, మాయమయ్యేది. దాన్ని చూసిన రోజే తల్లి పేరు పెట్టింది: పెట్టుడు మందు. మొగుణ్ణి గుప్పెట్లో ఉంచుకోవడానికి పెళ్ళాం అన్నంలో కలిపి పెట్టేది. అరక్కుండా లోపల ముద్దకట్టి బతికే ఉండేది. మందు కక్కించేవాడొకడు అతనికి ఆకుపసరు తాగించి, కక్కినదాంట్లోంచి నల్లటి పీచును పుల్లతో ఎత్తి చూపించాడు. “ఇది పిల్లే. తల్లి లోపలున్నాది” అన్నాడు.

జగన్నాధం ఆ రోజునుంచీ భార్యను ఒక్క మాట అనలేదు. అనవలసినవన్నీ తల్లి అనేది. అతను వడ్డించే చేతిని మాత్రం చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు తాయారుకు తెలుసు. తనకు తెలుసన్న సంగతి అతనికి కనబడేలా ఇంకాస్త నెమ్మదిగా వడ్డించేది. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మిగిలిన సంభాషణ అదే.

చీకటి పడేముందు డాక్టరు నరసింగరావు వచ్చాడు. కడుపు కడిగించడానికి ముక్కులోంచి గొట్టం వేయించాడు. పులిసిన నీళ్ళతోపాటు ఆకుకూర పీచు వచ్చింది. నారాయణమ్మ ముందుకు దూకింది.

“అదిగో బాబూ! అదే!”

“తోటకూరమ్మా. నిన్నో మొన్నో తిన్నది” అన్నాడు డాక్టరు. వేలితో జగన్నాధం పొట్టమీద గీత గీశాడు. “కడుపులోంచి పేగులోకి దిగే దారి ఇక్కడ. అక్కడ పుండు పడి, మాని, మళ్ళీ పడి, దారి బిగుసుకుపోయింది. తిన్నది దిగక కడుపు తోస్తోంది. ఆ తోయడమే పైకి కనబడుతోంది.”

“కొయ్యకముందే ఎలా తెలిసీసింది?”

“బేరియం తాగించి ఎక్స్‌రే తీశాం కదా.”

“ఫొటోలో మందు పడదు బాబూ” అంది నారాయణమ్మ, డాక్టరుమీద జాలిపడుతున్నట్టు.

జగన్నాధానికి డాక్టరుమీద కోపం వచ్చింది. ఎందుకో ఆ రాత్రంతా వెతుక్కున్నాడు. ఎవరో పెట్టిన జబ్బుకి ఒక ముఖం ఉంటుంది, దాన్ని తిట్టుకోవచ్చు. ఈ డాక్టరు చెప్పే జబ్బు మాత్రం తనలోంచే పుట్టింది. యజమాని తిట్లు మింగి, టీ తాగి, బీడీ కాల్చి, ఆకలి చచ్చాక ఇల్లు చేరిన సంవత్సరాలన్నీ కలిసి ఆ దారిని మూసేశాయి. అందులో తను తప్ప ఎవరూ లేరు. ముద్ద దొరకాలని అతను కోరుకున్నాడు. తాయారు వెళ్ళిపోవాలని కాదు. తను అంత ఒంటరిగా ఉండకూడదని.

మర్నాడు మత్తిచ్చే ఈథర్ వాసన ముఖాన్ని కప్పేసింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, బొడ్డుపైన నిప్పులాంటి గీత. తల్లి డాక్టరుకి అడ్డంగా నిలబడి ఉంది.

“ఏటి తీసారు బాబూ?”

“ఏమీ తియ్యలేదు. బిగిసిన దారిని అలాగే వదిలేసి, కడుపుకి మరో చోట కన్నం చేసి చిన్నపేగుతో కలిపి కుట్టాం. తిన్నది ఇకమీద అటునుంచి దిగుతుంది. ఆసిడ్ ఊరకుండా నరం తెంపాం.”

“ఆ మూల మంచం షావుకారికి పిత్తం రాళ్ళు తీసి సీసాలో వేసిచ్చారే? మరి మాకో?”

“ఆయనకి రాళ్ళున్నాయి, తీశాం. మీవాడికి దారి లేదు, వేశాం” అని డాక్టరు వెళ్ళిపోయాడు.

పక్క మంచంమీద లక్ష్ముడు కిసుక్కున నవ్వి, కుట్లు లాగి మూలిగాడు. అతను చేపల వేటకెళ్ళేవాడు. గజ్జలోకి జారిన పేగును లోపలికి తోసి కుట్టించుకున్నాడు. “నాకూ ఏటీ తియ్యనేదు మామ్మా. జారిపోయిందాన్నే తిరిగి నాకే ఇచ్చీసారు. నీ కోడలు నాక్కూడా పెట్టిందేటో, అడిగి సూడు!”

“నోర్ముయ్ రా!”

తాయారు నవ్వలేదు. “ముద్ద రానేదు గదా అత్తా.”

“తియ్యనేదు గనక రానేదు. లోపలే ఉన్నాది. కొత్త తోవ కూడా ఏసారు దానికి!”

తాయారు మొగుడివైపు తిరిగింది. “నువ్వు సెప్పు మావా. ఉన్నాదా, నేదా? నీ నోటంట ఓపాలి సెప్పు. మరి నేనెవర్నీ అడగను.”

జగన్నాధం కళ్ళు మూసుకున్నాడు.

“గొట్టముంది గదా, తీసినాక సెప్పు. కాసుకుంటాను” అంది.

కాసుకుంది. వరండాలో పడుకుంది, గాలి పోయిందా అని నర్సు అడిగినప్పుడల్లా తనే జవాబు చెప్పింది. చివరికి పేగులు కదిలాయి. గొట్టం తీశారు. బార్లీనీళ్ళు గుక్కెడు గుక్కెడుగా పట్టమని డాక్టరు చెప్పాడు.

తాయారు కాచి తెచ్చింది. గ్లాసు అతని పెదవులకు తగిలేంత దగ్గర పెట్టి ఆగింది. నారాయణమ్మ మెడ చాచి చూసింది. లక్ష్ముడు కూడా ఇటే చూస్తున్నాడు.

ఆ కొత్త దారి జగన్నాధానికి పూర్తిగా అర్థమయింది. కాగితం ఇస్తే బొమ్మ గీయగలడు. అందులో ముద్దకి చోటు లేదని తెలుసు. నోరు తెరిచాడు.

“ముందు నువ్వు తాగు.”

తాయారు అతన్ని చూసింది. చేతిని కాదు, ముఖాన్ని. గ్లాసు ఎత్తి అడుగుదాకా తాగేసింది. మూతి తుడుచుకుని గ్లాసు బోర్లించింది.

“ఇంక ఆకలేస్తే మీ యమ్మనడుగు.”

మంచం కిందనుంచి సంచీ తీసుకుంది. “ఒసే, ఎక్కడికే?” అని నారాయణమ్మ అలవాటుగా అరిచింది. తాయారు తలుపు దాటేసింది. అటు స్టేషన్‌వైపే.

“పోనీ. పీడ పోనాది” అంది తల్లి. గిన్నెలో మిగిలిన బార్లీ గ్లాసులో పోసి కొడుక్కి అందించింది. “తాగు నాయినా.”

అతను గ్లాసు పట్టుకుని అందులోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తల్లి చేతిని చూశాడు.

“ఏటి సూస్తన్నావురా అలాగ?”