నొప్పి తెలియని చోటు

ఈ సుద్ద గీత ఎందుకిలా వంకర పోతోంది, ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని గీసిన చంక వంపు, టేపు మీద అంకెలు చీమల్లా పాకుతున్నాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంది, మరి చొక్కా వీపుకి అంటుకుపోయిందేం, కాళ్ళు దూదిలా ఉన్నాయి, కత్తెర ఎక్కడ పెట్టానబ్బా అనుకుంటూ టైలరు మాస్టారు కటింగ్ టేబుల్ అంచు పట్టుకోబోయాడు, అంచు చేతికి చిక్కలేదు, కోటు గుడ్డే ఎదురొచ్చి చెంపకు తగిలింది, కాజాల మిషను ఠక్కున ఆగింది, నూతిలోంచి వచ్చినట్టు కోడలి గొంతు, మామయ్యా, మామయ్యా, అత్తయ్యా త్వరగా రండి, మామయ్యకి షుగరు పడిపోతోంది.

పడిపోవడమేమిటి, తనది ఎక్కే షుగరు కదా, ఏనాడూ దిగిన పాపాన పోలేదు, మొదట్లో ఆ దాహం, బిందెడు తాగినా తీరని దాహం, గంటకోసారి బాత్రూముకు పరుగు, వేలికి గుచ్చుకున్న గుండుసూది గాయం నెలైనా మానలేదు, అప్పుడు ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది, కొందరికి ఇన్సులిన్ ఊరడమే ఆగిపోతుంది, ఎక్కువగా చిన్న వయసులోనే, అది మొదటి రకం, మీది రెండోది, ఊరుతుంది గానీ ఒంటికి పట్టదు, అంటే గుడ్డ ఉంది కానీ మాస్టారు కుట్టట్లేదంటారు అంతేగా అని తనంటే ఆవిడ పగలబడి నవ్వింది, తర్వాత మాత్రలు, నడక, అవీ చాలక ఇంజక్షను, ఇరవై యూనిట్లు, ఇరవై ఆరు, ముప్పై నాలుగు, పెంచుతున్నకొద్దీ మొండికేసిన షుగరు ఇవాళ ఇలా కుప్పకూలడమేమిటి, ఏమండీ, నోరు తెరవండి, మింగగలరా, మెల్లిగా, భార్య చేతిలో గ్లాసు, చక్కెర నీళ్ళు పెదవుల మీంచి గడ్డానికి, మిగిలినవి గొంతులోకి, వేలి మీద చిటుక్కుమని పోటు, మీటరులో యాభై రెండు.

ఎంత ఎక్కించావే, భార్య కోడలి మీదికి తిరిగింది, ముప్పై నాలుగేనత్తయ్యా, ముప్పై నాలుగుకి మనిషి ఇలా అయిపోతాడా, నలభై నాలుగు పెట్టుంటావు, ఫోను చూసుకుంటూ సూది పట్టుకుంటే ఇంతే మరి, ఇక నువ్వు ఆ మందు జోలికి రాకు, కోడలు తలొంచుకుని మీటరు సర్దుతోంది, రోజూ తనే పొడుచుకునేవాడు, నిన్న ఇస్త్రీపెట్టె తన బొటనవేలు కాల్చకపోతే పాపం ఆ పిల్ల సూది పట్టేదే కాదు, తను కూడా చూశాడు పొద్దున, ఇన్సులిన్ పెన్ను తిప్పి అంకె చూపించింది, సరిగ్గా ముప్పై నాలుగే, టిఫినూ ఎప్పటిలాగే తిన్నాడు, మరి ఎవరు చేసిన పని ఇది, మందులో దోషమా, మీటరుదా, ఆ పిల్ల నోరెందుకు విప్పదు.

పావుగంటకి మీటరు తొంభై ఒకటి అంది, అంకెలు టేపు మీద కుదురుగా కూర్చున్నాయి, చెయ్యి దానంతటదే బొడ్డుకి ఎడమ పక్కకి పోయింది, అక్కడ కోటు భుజంలో పెట్టే మెత్తలాంటి గడ్డ, మూడేళ్ళుగా రోజూ సూది అక్కడే, పొడిస్తే నొప్పి తెలియదు కాబట్టి అక్కడే, చోటు మారుస్తున్నారా అని నర్సమ్మ అడిగినప్పుడల్లా ఓ మారుస్తున్నానమ్మా, పొద్దున కోడలు చూసి అయ్యో మామయ్యా ఇదేంటి గడ్డ కట్టింది, ఇందులో మందేం పడుతుంది, కుడి పక్క ఇస్తానంది, ఇవ్వు కానీ అత్తయ్యకి చెప్పకు, ఆస్పత్రికి ఈడ్చుకుపోతుంది అన్నాడు తను, ఇన్నాళ్ళూ ఆ గడ్డలో చిక్కుకుని సగం కూడా పనిచెయ్యని మందు ఇవాళ కొత్త చోట మొత్తం ఒంటికి పట్టింది, అదీ సంగతి, ఇచ్చిన మాటకి ఆ పిల్ల తలొంచుకుని తిట్లు తింటోంది, ఇదిగో, చూడు, అని మాస్టారు చొక్కా పైకెత్తాడు, నాలుక ఇంకా మందంగానే ఉంది, అయినా మాట స్పష్టంగానే వచ్చింది, దాన్నేమీ అనకు, రోజూ ఒకే చోట పొడుచుకుని, మారుస్తున్నానని అందరికీ అబద్ధం చెప్పింది నేను.