కింది గొంతు

రోజూ పొద్దున్నే నవోమి రోట్లో పిండి రుబ్బుతుంటే, అరుగు మీద పాట సాధన చేసుకునేవాడు ఆమె భర్త సమాధానం. పొత్రం చప్పుడు చాటున ఆమె కూడా అదే పాట, అతనికి వినపడకుండా పాడుకునేది. చిన్నప్పుడు బళ్లో మగ గొంతుదని ఎగతాళి చేసినప్పటినుంచీ పదిమందిలో నోరు విప్పింది లేదు.

నాలుగు గొంతుల పాట అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ఒకరు రాగం ఎత్తుకుంటారు. ఇద్దరు దాని పక్కన నడుస్తారు. నాలుగోవాడు అందరికంటే కింద, మంచానికి కోడులాగా నిలబడతాడు. విన్నవాళ్లు ఇంటికి పోతూ కూనిరాగం తీసేది పై రాగాన్నే. కింది గొంతును తలుచుకునేవాళ్లుండరు. వాళ్ల ఊరు మనుబోలు జట్టులో పై రాగం క్రీస్తురాజుది, కింది గొంతు సమాధానానిది.

యాభై ఏడు క్రిస్మస్‌కు మొదలైన జట్టు అది. నలుగురూ నాలుగు మూలలా నిలబడి పాడితే మధ్యలో ఉన్న బరువు తేలికయ్యేది. ఒక్కో గొంతు ఒక్కో మూలను ఎత్తేది. అందుకే పెళ్లికూతురి ట్రంకుపెట్టెకూ, శవపేటికకూ, బురదలో దిగబడ్డ వడ్ల బండికీ కావలి నుంచి గూడూరు దాకా వాళ్లకే కబురొచ్చేది. బండి లేచాక రైతులు మజ్జిగ పోసి, ఇంకో చరణం అందుకోండయ్యా, గట్టు కూడా దాటించేద్దాం అనేవాళ్లు.

అరవై ఆరులో సమాధానం గొంతు పోయింది. గుసగుస మాత్రం మిగిలింది. క్రీస్తురాజు ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురిని తెచ్చి చూశాడు. ముగ్గురూ రెండో చరణానికల్లా పై రాగంలోకి ఎక్కిపోయారు, వాళ్ల మూల కుంగిపోయింది. ఆ గొంతు తనలో ఉందని నవోమికి తెలుసు. కానీ తాను పాడితే ఆయనకు మిగిలిన ఆ కాస్త చోటూ లాక్కున్నట్టే కదా. రుబ్బేటప్పుడు పాడుకోవడం కూడా మానేసింది.

ఆ కార్తీకంలో వాన వదల్లేదు. పక్కింటి పెంచలమ్మకు రెండు రోజులుగా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. గూడూరు ఆసుపత్రికి పోయే బస్సు వాగు అవతలే ఆగిపోయింది. మంచం మీద దాటించాలి. మూడు మూలల దగ్గర క్రీస్తురాజు, జట్టులో మిగిలిన ఇద్దరూ పాడుతూ నడిచారు. నాలుగో మూలకు సమాధానం భుజం పెట్టాడు. వెనకే బిడ్డ గుడ్డల మూటతో నవోమి.

వాగు మధ్యలో ఆ మూల నీళ్లలోకి దిగింది.

"అక్కా, జారిపోతుండా," అంది పెంచలమ్మ.

నవోమి నోరు తెరిచింది. గొంతు సగమే వచ్చింది. మంచం జానెడు లేచి మళ్లీ ఊగింది. సమాధానం వెనక్కి తిరిగి ఆమె వైపే చూశాడు. ఆమె ఆపబోయింది.

"ఆపొద్దు," అన్నాడు గుసగుసగా. "ఇంకా కిందికి దిగు. ఇసక తగిలిందాకా దిగు."

ఆమె దిగింది. మంచం నాలుగు మూలలా సమంగా లేచి నీళ్లు దాటింది. సమాధానం భుజానికిక బరువేమీ తగల్లేదు. అయినా గట్టుదాకా భుజం తీయలేదు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. వరండాలో క్రీస్తురాజు తల గోక్కుంటూ సమాధానం దగ్గరికొచ్చాడు.

"అన్నా, మంగళవారం కావలిలో పెళ్లి. వదినను పంపిస్తావా?"

"నన్నెందుకు అడుగుతుండావు? పాడేది నేనా?"

నవోమి తడి కొంగు పిండుకుంటూ నిలబడింది. "మూడో చరణంలో తప్పుతుండా," అంది. "ఆయన పక్కనుండి చెప్తేనే వస్తా."

మంగళవారం కావలి బస్సు ఐదుగురు ఎక్కారు. సమాధానం కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, ఆమె చెవికి దగ్గరగా జరిగి కూర్చున్నాడు.