తొమ్మిది గంటల ఆకు

యూచిన్ అలారం ఆపి మళ్లీ పడుకున్నది ఒక్కసారే. ఆ ఒక్క నిద్రకు ఆమె నాలుగు నెలలుగా తలెత్తుకోలేకపోతోంది.

తైచుంగ్‌లో ఆమె ఎంఎస్సీ చేస్తున్న ప్రయోగశాలలో పనంతా చిలగడదుంప ఆకుల మీదే. ఆకు పగలు ఎండలో పిండి తయారుచేసుకుని దాచుకుంటుంది, రాత్రి దాన్ని కరిగించి దుంపకు పంపేస్తుంది. తెల్లారేసరికి ఆకు దాదాపు ఖాళీ. అందుకే పొద్దు పొడవకముందే, ఐదులోపు కోయాలి. మొదటిరోజు పోలిక కోసం మామూలు రకం ఆకులను వేళకే కోసింది. మర్నాడు కొత్త రకం వంతు. కళ్లు తెరిచేసరికి ఎనిమిదిన్నర. పరుగున వెళ్లి తొమ్మిదింటికి కోసి, నోటుపుస్తకంలో మాత్రం 4:50 అని రాసింది. నాలుగు గంటల తేడాకు కొంపలేమీ మునగవనుకుంది.

మునిగాయి. పిండి ఉంటే నలుపు తేల్చే అయోడిన్ వేయగానే కొత్త రకం ఆకు నల్లబడింది. రాత్రంతా పిండి కరిగించని రకం దొరికిందని ప్రయోగశాల నడిపే లియావ్ మాస్టారు పొంగిపోయారు. ఆ నల్లాకు ఫొటో తలుపుకి అంటించి, అందరికీ పాల టీ తెప్పించారు. అప్పుడే చెప్పేస్తే నాలుగు తిట్లతో పోయేది. ఆయన సంబరం చూశాక యూచిన్‌కి నోరు పెగల్లేదు. ఈలోగా ఆమె పేరు ముందుపెట్టి జపాన్ సదస్సుకి వ్యాసం కూడా పంపారు.

అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి సరిచూసే పని పేయ్‌లన్‌కి పడింది. పేయ్‌లన్‌కి ముప్ఫై ఆరేళ్లు, పన్నెండేళ్లు బళ్లో పాఠాలు చెప్పి ఈ ఏడే చేరింది. ఆ ల్యాబులో ముందు చేరినవాళ్లే పెద్ద, వయసుతో పనిలేదు. కాబట్టి ఇరవై మూడేళ్ల యూచిన్‌ని ఆవిడ నోరారా అక్కా అని పిలిచేది.

పేయ్‌లన్ మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఆకు పాలిపోయే వచ్చింది.

"కొలిచే యంత్రం మీది పొట్లం చూశారా? గడువు దాటి రెండు వారాలైంది. అలగదా మరి?" అన్నాడు జెహావ్, పక్క బల్ల దగ్గరి కుర్రాడు.

యంత్రాలు మొరాయించకుండా ప్రతిదాని మీదా ఆకుపచ్చ మొక్కజొన్న బొరుగుల పొట్లం ఉంచుతారక్కడ. ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు. ఎంత చదువుకున్నా ఈ నమ్మకం దగ్గర అందరూ ఒకటే. యూచిన్ గబగబా కిందికెళ్లి కొత్త పొట్లం కొని తెచ్చి పెట్టింది. యంత్రంలో ఏ తప్పూ లేదని ఆమెకొక్కదానికే తెలుసు.

"నాకోసం ఎంత శ్రమపడ్డారక్కా," అంది పేయ్‌లన్.

యూచిన్ తేలు కుట్టిన దొంగలా తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

గురువారం మధ్యాహ్నం సమావేశంలో మాస్టారు పేయ్‌లన్ కాగితాలు పక్కకి నెట్టారు.

"కుండీలు కలిపేశావు. మామూలు రకం కోసుకొచ్చి కొత్త రకం అంటున్నావు."

"పేర్లు చూసే కోశాను మాస్టారూ."

"మరి యూచిన్‌కి వచ్చింది నీకెందుకు రాలేదు? ఆకు అబద్ధమాడుతుందా? ఇక ఈ పని వేరేవాళ్లకిస్తాను. సెలవుల్లో ఆలోచించుకో, నీకు బడే నయమేమో."

పేయ్‌లన్ తలవంచి, "పొరపాటు నాదే అయ్యుంటుంది," అంది. పిల్లలకి చెప్పీ చెప్పీ బొంగురుపోయిన గొంతు అది.

యూచిన్‌కి తల కొట్టేసినట్టయింది. ఎప్పుడు లేచిందో తెలియదు, లేచి నిలబడి ఉంది.

"ఆ ఆకు తొమ్మిదింటికి కోశాను మాస్టారూ. నిద్రపోయాను. నాలుగూ యాభై అని రాసేశాను."

మాస్టారు చెయ్యి చాపి, "పుస్తకం తే," అన్నారు. అక్కడ రాసినది చెరపకూడదు. కింద అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన అసలుది రాసి సంతకం చెయ్యాలి. అందరి ముందూ ఆమె చేత ఆ పనే చేయించారు. తర్వాత వెళ్లి తలుపుకున్న ఫొటో పీకేశారు. పేయ్‌లన్ ముందు ఆగి నడుం వంచి క్షమించమన్నారు. జపాన్‌కి ఉత్తరం రాయాలంటూ గదిలోకి వెళ్లిపోయారు. యూచిన్‌ని ఒక్క మాటైనా అనలేదు.

ఆమె గాజుసామాను కడిగే తొట్టి దగ్గర నిలబడి ఏడుస్తుంటే పేయ్‌లన్ వచ్చి ఒక కవరు చేతికిచ్చింది. లోపల ఎండిన నల్లాకు. పలకమీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో చీటీ: కొత్త రకం, ఉదయం తొమ్మిది. దాని మీది తేదీ పంతొమ్మిది రోజుల కిందటిది.

"ఎండలో గంటకొక ఆకు కోస్తూ పోయాను. తొమ్మిదింటికి మీ అంకెలే వచ్చాయి," అంది పేయ్‌లన్.

"తెలిసి కూడా అన్ని మాటలు పడ్డారా? ఎందుకు చెప్పలేదు?"

"బళ్లో అలవాటు. తప్పు చేసిన పిల్ల తనంతట తాను చెయ్యెత్తేదాకా చూస్తాను."

"నేను ఎత్తకపోయుంటే?"

"బడికి వెళ్లిపోయేదాన్ని." పేయ్‌లన్ కొళాయి కట్టేసింది. "ఆ పొట్లం మాత్రం తీయకండి. యంత్రం పాపం మొదట్నుంచీ బుద్ధిగానే ఉంది కదక్కా."

ఆ పిలుపులో ఎక్కడైనా వెటకారం ఉందేమో, ఆ శిక్షయినా దక్కుతుందేమోనని యూచిన్ ఆశగా వెతికింది. లేదు. రోజూ పిలిచినట్టే పిలిచింది.