కాలు తీశాక మిగిలే ఊపిరి

నేను ఒక మరమేకును. పొడవు చూపుడువేలి రెండు కణుపులంత. తల మీద ఒక గాటు, ఒంటి చుట్టూ సన్నటి మరలు, మెడకు చిన్న స్ప్రింగు. ఎర్రరంగు వేసిన ఒక విదేశీ రేసుకారు ఇంజను పక్కన ఉండేదాన్ని. ఆ కారును చూసినవాళ్ళు రంగును పొగిడారు, చక్రాలను పొగిడారు, లోపల కూర్చున్న మనిషిని కూడా పొగిడారు. నన్ను ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు తిప్పకుండా వదల్లేదు. అందుకే మనుషులంటే నాకు ఇష్టం లేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను. చివర్లో మనసు మారుతుందని ఎదురుచూడకండి.

నా పని ఇది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజనుకు గాలి వెళ్ళే తలుపు తెరుచుకుంటుంది. కాలు తీస్తే మూసుకుంటుంది. పూర్తిగా మూసుకుపోతే ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. అలా మూసుకుపోకుండా తలుపుకు అడ్డు నిలబడేదాన్ని నేను. నన్ను కుడికి తిప్పితే సందు పెరిగి ఇంజను జోరుగా తిరుగుతుంది. ఎడమకు తిప్పితే సందు తగ్గి నీరసపడుతుంది. కాలు తీశాక కూడా ఇంజను తిరిగే ఈ జోరును మెకానిక్కులు ఐడ్లింగ్ అంటారు. మామూలు కారు తక్కువ ఊపిరితో కూడా సర్దుకుపోతుంది. పరిగెత్తడానికి పుట్టిన ఇంజను అలా సర్దుకోదు. నిలబెట్టినంతసేపూ వణుకుతుంది, సణుగుతుంది. పైగా దానికి గేర్లు చేత్తో మార్చాలి, క్లచ్చి కాలితో వదలాలి. వదిలేటప్పుడు ఐడ్లింగ్ చాలకపోతే బండి ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోతుంది. తిట్లు మాత్రం నడిపేవాళ్ళకి.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక కర్మాగారంలో. నన్ను బిగించిన మనిషి ఇంజనుకు చెవి ఒగ్గి విని, ఒక చోట ఆపి, మళ్ళీ ముట్టుకోలేదు. నాకు దక్కిన మర్యాద అంతే. ఓడ దిగాక మమ్మల్ని కొన్న కోయంబత్తూరు మిల్లు యజమాని, జనం ఎదుట బండి ఉరమాలని నన్ను కుడికి బిగించాడు. సిగ్నలు దగ్గర పక్క స్కూటర్లవాళ్ళు మొహం తిప్పుకునేవారు. ఆయన దాన్ని గౌరవం అనుకున్నాడు. తర్వాత కొన్న సినిమా కంపెనీవాళ్ళు పెట్రోలు మిగల్చాలని ఎడమకు వదులు చేశారు. హీరో బండి ఎక్కి కదిలిన ప్రతిసారీ వెనక మనుషులు తోసేవారు. తెర మీద అది వేగంగానే కనిపించిందట.

చివరికి భీమవరం దగ్గర ఒక ఊళ్ళో రొయ్యల చెరువుల ఆసామి దత్తాత్రేయరాజు గారింటికి చేరాం. చెరువుగట్ల మీద రేసుకారు పరిగెత్తడానికి చోటెక్కడిది? ఎదురింటివాళ్ళకు లేదు కాబట్టి కొన్నారు. ఆయనకు కొడుకు భాస్కరవర్మ, కూతురు సువర్చల. కొడుకు బండి ఎక్కగానే అద్దంలో జుట్టు చూసుకునేవాడు. కూతురు ఇంజనును వినేది. చల్లగా ఉన్నప్పుడు ఎలా దగ్గుతుందో, వేడెక్కాక ఎక్కడ కుదుటపడుతుందో విని, అప్పుడు గేరు వేసేది. ఆమెను మెచ్చుకున్నానని కాదు. కాస్త తక్కువ అసహ్యించుకున్నాను.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. దసరా నాడు ఆయుధపూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. నడిపేవాళ్ళు యాక్సిలరేటరు ముట్టుకోకూడదు. గేరు వేసి క్లచ్చి మెల్లగా వదలాలి. బండి దానంతట అదే కదిలి కాయలు తొక్కాలి. అమ్మవారే నడిపించిందని వాళ్ళ నమ్మకం. నడిపించేది నేనని తెలిస్తే హారతి నాకిస్తారా? ఆగకుండా దాటించినవాళ్ళదే ఆ ఏడాదంతా బండి తాళం.

ఏటా ఆ తాళం భాస్కరవర్మదే. ఆ ఏడు సువర్చలకు రొయ్యపిల్లల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. ఆ వేళకు బస్సు లేదు. ఇంట్లో ఉన్న మిగతా బండ్ల తాళాలు తండ్రి జేబు దాటవు.

"నిమ్మకాయలు దాటించు, తాళం నీదే" అన్నాడు తండ్రి. "ఆగిందా, ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తకు."

పూజకు ముందు అందరూ పసుపు కుంకుమల హడావుడిలో ఉండగా, నీళ్ళు చూస్తానని భాస్కరవర్మ బానెట్టు ఎత్తాడు. చెరువుల్లో నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు విప్పే పసుపుపచ్చ పిడి స్క్రూడ్రైవరు నా తలలో దింపి ఎడమకు తిప్పాడు. ఇంతలో మేనత్త పిలిచింది. కంగారులో దాన్ని బ్యాటరీ పక్కనే పడేసి బానెట్టు మూశాడు.

సువర్చల ఎక్కి తాళం తిప్పింది. ఇంజను దగ్గి, వణికి, ఎలాగో నిలబడింది. ఆమె వెంటనే కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నాన్నగారండీ, ఐడ్లింగ్ తగ్గిపోయిందండి. ఒక్కసారి బానెట్టు ఎత్తి చూస్తానండి."

"ముహూర్తం దాటిపోతంది. ముందు కదుపు."

ఆమె నియమం తప్పలేదు. యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండా క్లచ్చి దారం వదిలినట్టు వదిలింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. కాయ చితకలేదు.

"అయ్యో రాత! పండగపూట కాయ మీదే చచ్చింది" అంది మేనత్త. "ఆడపిల్లకి రేసుకారేంటిరా దత్తుడూ, రోకలి లేదా ఇంట్లో?"

"నేను ముందే చెప్పాను నాన్నగారండి" అన్నాడు భాస్కరవర్మ. "దాని కాలు కుట్టుమిషనుకి తప్ప దేనికీ పనికిరాదండి."

సువర్చల దిగింది. అతను ఎక్కాడు. క్లచ్చి వదులుతూ యాక్సిలరేటరు కొద్దిగా నొక్కాడు. అది ఎవరికీ కనబడలేదు. కాని తలుపు నా మీదనుంచి లేచింది. అతని కాలు అమ్మవారి ముందే అబద్ధమాడింది. నిమ్మకాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజను చప్పుడు పెరగడం సువర్చల విన్నది. 

ఇక కాలవ అవతల గుడికి ఊరేగింపు. ముందు బండి, వెనక మేళం, ఆ వెనక ఇంటివాళ్ళు నడిచి వస్తున్నారు. కాలు యాక్సిలరేటరు మీద ఉన్నంతసేపు భాస్కరవర్మ మగధీరుడే. కాలవ వంతెన మీద ఎదురుగా బస్సు వచ్చింది. కాలు తీసి బ్రేకు తొక్కక తప్పలేదు. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. అతనికి రోగమూ తెలుసు, మందూ తెలుసు. కాని బానెట్టు ఎత్తితే స్క్రూడ్రైవరు బయటపడుతుంది. చెమటలు కారుస్తూ తాళం తిప్పుతూనే ఉన్నాడు.

"రాజుగారో! కారు కొన్నారా, కొలువు బొమ్మ కొన్నారా?" అని బస్సు డ్రైవరు అరిచాడు. "చెప్తే మా టిక్కెట్లోళ్ళు దిగి తోస్తారండీ!"

మేళం ఆగిపోయింది. సువర్చల ముందుకొచ్చి, అన్న వద్దంటున్నా చెయ్యి లోపలికి పెట్టి మీట లాగి, బానెట్టు ఎత్తింది. నా తల మీద కొత్త గీత తళతళలాడుతోంది. పక్కనే పసుపుపచ్చ పిడి.

"అన్నయ్యా, ఇది నీదే కదా?"

తండ్రి స్క్రూడ్రైవరును చూశాడు, కొడుకును చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేస్తాడో చూద్దామని నేను కూడా ఆగాను.

"ఇంట్లో అడగాల్సింది వంతెన మీద అడుగుతావా?" అన్నాడు కూతుర్ని. "మగపిల్లాడి పరువు బస్సు జనం చేతిలో పెట్టి ఏం బావుకున్నావు? తాళం వాడిదే. అది సరిచేసి పక్కకి తప్పుకో."

"అలాగేనండి."

ఆమె అన్నను ఇంజను వేయమంది. నా తలలో స్క్రూడ్రైవరు పెట్టి, చెవి ఒగ్గి, మెల్లగా కుడికి తిప్పింది. వణుకు తగ్గింది. సణుగుడు తగ్గింది. ఇంజను నిండుగా, నింపాదిగా నిలబడింది. అంత చక్కగా అది కర్మాగారం వదిలాక ఎన్నడూ తిరగలేదు. తండ్రి తల ఊపాడు. మేళంవాళ్ళు మళ్ళీ సన్నాయి ఎత్తారు.

అప్పుడు ఆమె నన్ను ఎడమకు తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూనే ఉంది. ఇంజను నీరసించింది, ఎగశ్వాస పెట్టింది, ఆగిపోయింది. ఆమె ఆగలేదు. ఆఖరి మర కూడా విడిపోయి నేను స్ప్రింగుతో సహా ఆమె అరచేతిలో పడ్డాను. బానెట్టు దభీమని మూసింది.

"ఏం తీశావే?" అన్నాడు అన్న.

"తాళం నీకిచ్చారుగా అన్నయ్యా. నడుపుకో."

ఆమె బస్సుకు దారి ఇవ్వడానికి పక్కకు జరగలేదు. వంతెన మీద దారి లేక బస్సు వెనక్కి మళ్ళుతుంటే ఎక్కేసింది. ల్యాబు ఉన్న ఊళ్ళోనే ఒక గది తీసుకుంది.

ఆ బండికి భీమవరం మెకానిక్కులు రకరకాల మరలు పెట్టి చూశారట. నా మరల కొలత వాళ్ళ దగ్గర దొరకలేదు. ఒకటి జారిపోతే ఇంకొకటి పట్టేసింది. ఇప్పుడది మేత బస్తాల షెడ్డులో ఉంది. కాలు తొక్కి ఉంచితే గర్జిస్తుంది, కాలు తీస్తే చచ్చిపోతుంది. యజమానికి తగ్గ బండి.

మొన్న భాస్కరవర్మ ల్యాబు గేటు దగ్గరికి వచ్చాడు.

"ఆ మర ఇచ్చెయ్యవే. మళ్ళీ దసరా వస్తంది. నాన్నగారు నిమ్మకాయలు తెప్పించేశారు."

సువర్చల చెయ్యి ఏప్రాను జేబులో ఉంది. ఆ చేతిలో నేనున్నాను.

"నిమ్మకాయలు తొక్కించేది అమ్మవారు కదా అన్నయ్యా. మర ఎందుకు?"

అతను మోటారుసైకిలు తన్ని వెళ్ళిపోయాడు. ఆమె పిడికిలి ఇంకా విప్పలేదు. నా మరలు ఆమె అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. ఆమె వదల్లేదు. నేనూ మెత్తబడలేదు.