దెబ్బ పడితేనే గేరు పడుతుంది

నడుము పూసలు అరిగిపోయాయని డాక్టరు తేల్చేశాక, ఇరవై రెండేళ్లు లారీ తోలిన డ్రైవరు ఇక నేర్పే పనిలో పడదామనుకున్నాడు. డ్రైవింగ్ స్కూలు యజమాని, "సర్టిఫికెట్ పట్టుకురా, మర్నాడే కారు చేతికిస్తా" అన్నాడు. ఆ సర్టిఫికెట్‌కి మూడు పరీక్షలు. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాడు. తోలి చూపించడం అతనికి మంచినీళ్లు తాగినంత సులువు. మూడోదే గండం. బండి సరిగా రానివాణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్క సీట్లోంచి గంటసేపు నేర్పాలి. పరీక్షాధికారి వెనక కూర్చుని చూస్తాడు.

"అందులో ఏముందే? దెబ్బ పడితేనే గేరు పడుతుంది," అన్నాడు భార్యతో. తనకి నేర్పిన పెద్ద డ్రైవరు కొట్టిన దెబ్బలకి అతని ఎడమ చెవి ఇప్పటికీ సగమే వినిపిస్తుంది. ఆ సంగతి గొప్పగా చెప్పుకుని నవ్వుతాడు.

సాధనకి ఒక శిష్యుడు కావాల్సొచ్చింది. భార్య తన తమ్ముణ్ణి ఒప్పించింది. అతను వెల్డరు, ముప్పై ఏళ్లవాడు, నోరు ఊరుకోదు.

"బావా, బండెక్కిస్తున్నావా, పాడె ఎక్కిస్తున్నావా?" అంటూనే ఎక్కాడు.

స్కూలు వాళ్లిచ్చిన పాత కారుకి పక్క సీటు ముందు, కాళ్ల దగ్గర రెండో బ్రేకు ఉంది. గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టారు. బామ్మర్ది క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. కారు కప్పలా ఎగిరి ఆగిపోయింది. తొడ మీద ఒకటి పడింది. బామ్మర్ది నవ్వాడు. రెండోసారి ఆగితే నెత్తిన పడింది. ఈసారి నవ్వలేదు. మూడోసారి కారు ఆగకుండా కదిలి పక్కకి ఈడ్చుకుపోతుంటే, డ్రైవరు పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు.

ముందు పన్ను విరిగి ఒళ్లో పడింది. స్టీరింగంతా రక్తం. బామ్మర్ది స్టీరింగు వదిలేసి బావ గొంతు పట్టుకున్నాడు. గేరులో ఉన్న కారు తన దారిన తాను పోయి గోదాము షట్టరుకి గుద్దుకుంది. ఇద్దరూ కిందికి దొర్లి కొట్టుకున్నారు. డ్రైవరు మోకాలు అతని డొక్కలో, అతని గోళ్లు డ్రైవరు కంటి కింద. కాపలావాడు వచ్చి బకెట్టుతో నీళ్లు కొడితేగానీ విడిపోలేదు.

భార్య తమ్ముడి మూతి చూసింది. ఏడవలేదు.

"చిన్నప్పుడు మా నాన్న వాణ్ణి బెల్టు తెగేదాకా కొడుతుంటే అడ్డం పడింది నేను. ఇవాళ నేనే చెయ్యిపట్టి తెచ్చి నీకప్పగించాను. వెళ్లి వాడి కాళ్లు పట్టుకుంటావో, లారీ కింద పడుకుంటావో నీ ఇష్టం."

మూడోరోజు డ్రైవరు వెల్డింగు షాపుకి వెళ్లాడు. బామ్మర్ది ముఖానికున్న తొడుగు పైకెత్తాడు. పెదవి ఇంకా వాచే ఉంది.

"అక్క కోసం వస్తా. కానీ పానా ఒళ్లో పెట్టుకుంటా. నీ చెయ్యి లేస్తే నా చెయ్యి లేస్తుంది. బావవని చూడను."

"సరే," అన్నాడు డ్రైవరు.

నాలుగు రోజులు బాగానే గడిచింది. అయిదో రోజు సందు మలుపులో ఒకామె సైకిలు మీద అడ్డం వచ్చింది. బామ్మర్ది బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. డ్రైవరు రెండో బ్రేకు అదిమిపెట్టాడు. సైకిలు చక్రానికి జానెడు దూరంలో కారు ఆగింది. భయంతోనో కోపంతోనో అతని కుడిచెయ్యి లేచింది.

పానా అంతకంటే ముందే లేచింది. ఎండుకట్టె విరిగినట్టు ఎముక చప్పుడైంది. రెండో దెబ్బ అక్కర్లేదు. అయినా కొట్టాడు బామ్మర్ది.

తరవాత పానా కింద పడేశాడు. "బావా... ఆస్పత్రికి ఎట్లా?"

డ్రైవరు ముఖం పాలిపోయి చెమటలు కక్కుతోంది. చెయ్యి వంకర తిరిగిపోయింది. "ఎట్లా ఏంట్రా? నువ్వే తోలాలి."

"నాకు రాదుగా!"

"నేను చెప్తా విను. క్లచ్ తొక్కు. ఫస్టు గేరు. ఇప్పుడు మెల్లిగా వదులు... ఇంకా మెల్లిగా. బండి ఒణుకుతోందా? అక్కడాపు కాలు. ఇప్పుడు కాస్త యాక్సిలరేటర్."

కారు కుదుపు లేకుండా కదిలింది. ప్రతి గుంతకీ డ్రైవరు పళ్లు బిగపట్టాడు. అయినా ఒక్కసారీ అరవలేదు. అరిస్తే వీడు బిగుసుకుపోతాడని, బిగుసుకుపోతే ఇద్దరూ పోతారని అతనికి మొదటిసారి తెలిసింది. రెండు కూడళ్లు దాటి, మూడో గేరులో ఆస్పత్రి గేటు ముందుకొచ్చారు. దిగగానే బామ్మర్ది గోడవారకెళ్లి వాంతి చేసుకున్నాడు.

డ్రైవరు పిండికట్టుతోనే, బామ్మర్దినే శిష్యుడిగా కూర్చోబెట్టుకుని పరీక్షకి వెళ్లాడు. "చెయ్యికేమైంది?" అనడిగాడు అధికారి.

"పానా తగిలిందండీ," అన్నాడు బామ్మర్ది, పన్ను లేని సందులోంచి.

గంటసేపు డ్రైవరు మాటలతోనే తోలించాడు. అధికారి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక బామ్మర్ది బావతో మాట్లాడకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ తరవాత ఏడాది పాటు అక్క ఇంటి గడప తొక్కలేదు.

స్కూల్లో డ్రైవరుకి దొరికిన మొదటి మనిషి, బట్టల కొట్టు నడిపే ఒకావిడ. రెండో పూటే కారుని గేటు స్తంభానికి రాసేసింది. కట్టు విప్పిన చెయ్యి, అతనికి తెలియకుండానే గాల్లోకి లేచింది. ఆవిడ స్టీరింగు వదిలేసి రెండు చేతులతో ముఖం దాచుకుంది.

అతను బ్రేకు తొక్కాడు. చెయ్యి దించి తొడ కింద పెట్టుకున్నాడు.

"కొడతారా మీరు?" అందావిడ వేళ్ల సందుల్లోంచి.

"కొట్టేవాణ్ణండీ. మా బామ్మర్ది పన్ను రాలగొట్టా. వాడు నా చెయ్యి విరగ్గొట్టాడు. మిమ్మల్ని కొట్టను. నమ్మకం లేకపోతే వేరే మనిషిని పెట్టమని చెప్తా."

ఆవిడ చేతులు దించి మళ్లీ స్టీరింగు పట్టుకుంది. "రేపట్నించి మా చెల్లెలు వెనక కూర్చుంటుంది."

"కూర్చోబెట్టుకోండమ్మా. అదే మంచిది." అద్దంలో వెనక్కి చూశాడు. "ఇప్పుడు క్లచ్ తొక్కి రివర్సులో పెట్టండి. కంగారు పడకండి, స్తంభం ఎక్కడికీ పోదు."